తొమ్మిది నాణేల కార్డులోని ఆ స్త్రీ నిజంగా ఎవరికోసమో ఎదురుచూస్తోందా?

సంపెంగతీగ
నిన్న సాయంత్రం నుంచి మనసు ఉడికిపోతోంది. టారోలో, అంటే బొమ్మల కార్డులు తీసి జోస్యం చెప్పే పద్ధతిలో, నైన్ ఆఫ్ పెంటకిల్స్ (తొమ్మిది నాణేలు) అని ఒక కార్డు ఉంది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. విరగకాసిన ద్రాక్షతోటలో ఒక స్త్రీ ఒక్కతే నిలబడి ఉంటుంది. పూల గౌను, ఎడమచేతికి తోలు తొడుగు, దాని మీద కళ్లు మూసేలా టోపీ పెట్టిన డేగ. కుడిచెయ్యి ఒక బంగారు నాణెం మీద ఆనించి ఉంటుంది, మన ఇంటి అరుగు మీద మనం చెయ్యి వేసుకుని నిలబడినంత నిమ్మళంగా. నేల మీద ఒక నత్త. దూరంగా ఒక ఇల్లు. బొమ్మ మొత్తంలో ఇంకో మనిషి లేడు.

నాలుగేళ్ల క్రితం నాకు విడాకులయ్యాయి. ఆ రోజుల్లో ఆఫీసులో పక్క సీటు ఆవిడ దగ్గర టారో నేర్చుకున్నాను. రోజూ పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు ఒక కార్డు తీసేదాన్ని. మొదటి నెలలోనే ఈ కార్డు రెండుసార్లు వచ్చింది. రెండోసారి వచ్చాక దాన్ని మళ్లీ కట్టలో కలపలేదు, కిటికీ చువ్వకు ఆనించి పెట్టాను. అది అద్దె ఇంటి కిటికీ. ఏడాదిన్నర తర్వాత ఊరి చివర రెండు గదుల ఫ్లాటు కొన్నాను, నా జీతం మీద అప్పు తీసుకుని. రిజిస్ట్రేషనుకు వెళ్లేటప్పుడు కార్డు సంచిలో పెట్టుకున్నాను. దస్తావేజు రాసే ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "భర్త పేరు?" లేదన్నాను. "పోనీ తండ్రి పేరు?" నాన్న పోయి పదకొండేళ్లు. అయినా నా పేరు పక్కన ఆయన పేరే పడింది. నాన్నంటే నాకు ప్రాణం, కాని ఆ అప్పు నాన్న తీర్చడం లేదు, నేను తీరుస్తున్నాను.

ఇక నిన్నటి సంగతి. మా వదిన పోరు పడలేక టారో చెప్పే ఒకావిడ దగ్గరకు వెళ్లాను. వచ్చింది ఇదే కార్డు! పాత స్నేహితురాలు ఎదురైనట్టు నవ్వేశాను. ఆవిడ మాత్రం నిట్టూర్చి, "సిరి ఉంది, తోడు లేదు. తోటలో నిలబడి ఎవరికోసమో ఎదురుచూస్తోంది. 5,100 ఇస్తే పరిహారం చేస్తాను" అంది. వదిన నా వైపు చూసిన చూపులో జాలి ఉందే, అది నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

ఆ స్త్రీ ముఖంలో ఎదురుచూపు నాకు ఏనాడూ కనిపించలేదు. మీలో ఈ కార్డుతో కాపురం చేసినవాళ్లు ఉంటే చెప్పండి, మీకు ఏమి కనిపించింది?

కాగితంపడవ
ముందు ఒకటి చెప్పండి, ఆ 5,100 ఇచ్చారా?

సంపెంగతీగ
ఇవ్వలేదు. లేచి వచ్చేశాను. వదిన ఇవ్వబోతే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

కాగితంపడవ
అయితే కార్డు నిజమే చెప్పింది. తన డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలిసిన ఆడమనిషి అని.

లెక్కలమాస్టారు
నాకు టారో మీద నమ్మకం లేదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కట్టలో 78 కార్డులు. రోజుకొకటి చొప్పున 30 రోజులు తీస్తే ఫలానా కార్డు ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 32 శాతం. రెండుసార్లు లేదా అంతకంటే ఎక్కువ రావడం దాదాపు 6 శాతం. అంటే మీలా నెల రోజులు కార్డులు తీసిన వందమందిలో ఓ ఆరుగురికి ఇది జరుగుతుంది. అందులో వింత లేదు. కాని ఆ ఆరుగురిలో ఎంతమంది ఇల్లు కొనుక్కున్నారు? అది మీరు చేసిన పని. ఆ గొప్పతనం అట్టముక్కకు కట్టబెట్టకండి అమ్మా.

సంపెంగతీగ
మాస్టారూ, కార్డు ఇల్లు కొనిపెట్టిందని నేను అనలేదు. అప్పుకోసం బ్యాంకులో కూర్చున్న రోజున, మా బంధువులందరూ "ఒంటరిదానివి, నీకెందుకు ఇల్లు" అంటున్న రోజున, ఒంటరిగా నిలబడిన ఒక స్త్రీ బొమ్మ నా దగ్గర ఉంది. మా ఇంట్లో ఫొటోల్లో ఎక్కడ వెతికినా అలాంటి బొమ్మ ఒక్కటి లేదు. అందరూ ఎవరో ఒకరి పక్కనే ఉన్నారు.

లెక్కలమాస్టారు
ఈ మాటకు నా దగ్గర లెక్క లేదు. ఒప్పుకుంటున్నాను.

తూర్పుగాలి
నాకు ఈ కార్డు మొదటినుంచీ ఇబ్బందిగానే ఉంటుంది. అందరూ ద్రాక్షగుత్తులు చూస్తారు, నాణేలు చూస్తారు, ఆ పక్షిని చూడరు. కళ్లు మూసి చేతి మీద కూర్చోబెట్టారు. అది స్వాతంత్ర్యమా? బంగారు పంజరంలో ఉన్న స్త్రీ, తన చేతిలో ఇంకో ఖైదీ. చిలకజోస్యం చిలక రెక్కలు కత్తిరించి ఉంటాయి, పిలిస్తే బయటికొచ్చి చీటీ తీసి మళ్లీ లోపలికి పోతుంది. నాకు ఆ డేగను చూస్తే ఆ చిలకే గుర్తొస్తుంది.

గోదారిగట్టు
మా భీమవరం వైపు డేగ అంటే పందెం కోడిలో ఒక రంగు. నేను ఇంతసేపూ ఆ స్త్రీ చేతి మీద కోడిపుంజు ఉందనుకుని చదువుతున్నాను.

కాగితంపడవ
సంక్రాంతికి ఆ కార్డే తియ్యండి, మీకు బాగా కలిసొస్తుంది.

పక్షులపిచ్చి
తూర్పుగాలి గారితో నాకు పేచీ ఉంది. డేగకు ఆ టోపీ పెట్టేది శిక్షగా కాదు. ఆ పక్షికి కంటిచూపే ప్రాణం. చుట్టూ జనం, కుక్కలు, గుర్రాలు కదులుతుంటే బెదిరిపోతుంది. కళ్లు మూస్తే రాత్రి అయిందన్నట్టు శాంతిస్తుంది. వేటకు వదిలేముందు టోపీ తీసేస్తారు. అలా వదిలిన డేగకు కట్టు ఉండదు, ఎటు కావాలంటే అటు ఎగిరిపోవచ్చు. కొన్ని నిజంగానే వెళ్లిపోతాయి. తిరిగొచ్చి చేతి మీద వాలిందంటే అది దాని నిర్ణయం. వేటకు పెంచే డేగల్లో ఆడదే పెద్దది, మగది దానికంటే సుమారు మూడోవంతు చిన్నది. పాతకాలపు వేటగాళ్లు ఎక్కువ విలువ ఇచ్చింది ఆడ డేగకే.

తూర్పుగాలి
తిండి అలవాటు చేశారు కాబట్టి తిరిగొస్తుంది. దాన్ని నిర్ణయం అంటారా?

పక్షులపిచ్చి
మనం నెలజీతానికి ఆఫీసుకు తిరిగి వెళ్లడాన్ని ఏమంటాం?

తూర్పుగాలి
దాన్ని కూడా నేను స్వాతంత్ర్యం అనను.

సంపెంగతీగ
నేను అంటాను తూర్పుగాలి గారూ. జీతం లేని పదేళ్లు నేను చూశాను. కూరగాయల డబ్బులకు చెయ్యి చాపి, చిల్లర ఎంత మిగిలిందో లెక్క అప్పజెప్పిన పదేళ్లు. ఇరవై రూపాయలకు మల్లెపూలు కొని లెక్కలో కొత్తిమీర అని రాశాను ఒకసారి. నెల మొదట్లో నా ఖాతాలో జీతం పడ్డ చప్పుడు ఫోనులో విన్నప్పుడు కలిగే ధైర్యం మీకు చిన్నదనిపించవచ్చు, నాకు కాదు.

తూర్పుగాలి
కొత్తిమీర మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నా మాట వెనక్కి తీసుకోను, కాని మీ మాటను కాదనను.

పాతపుస్తకాలు
ఈ చర్చలో ఇంతవరకూ ఆ బొమ్మ వేసిన మనిషి పేరు రాలేదు. ఆమె గురించి తెలిస్తే ఈ కార్డు వేరేగా కనిపిస్తుంది.

వేసింది పమేలా కోల్మన్ స్మిత్. 1878లో లండన్‌లో పుట్టింది, చిన్నతనంలో కొంతకాలం జమైకాలో పెరిగింది, న్యూయార్క్ బ్రూక్లిన్‌లో చిత్రకళ చదివింది. జమైకాలో విన్న అనాన్సీ అనే జిత్తులమారి సాలీడు కథలను 1899లో తన బొమ్మలతో పుస్తకంగా తెచ్చింది. లండన్ నాటకశాలలకు పనిచేసింది, సొంతంగా చిన్న పత్రిక నడిపింది. 1907లో న్యూయార్క్‌లో స్టిగ్లిట్జ్ అనే ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడి గ్యాలరీలో ఆమె బొమ్మలు పెట్టారు. అప్పటిదాకా ఫొటోలు మాత్రమే పెట్టిన చోట ఫొటోలు కాని కళ అదే మొదలు. స్త్రీల ఓటు హక్కు ఉద్యమానికీ బొమ్మలు వేసింది. పెళ్లి చేసుకోలేదు.

1909లో రహస్యవిద్యల మీద పుస్తకాలు రాసే ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అడిగితే ఈ 78 కార్డులూ వేసింది. సుమారు ఆరు నెలల పని. ఆ నవంబరులో స్టిగ్లిట్జ్‌కు రాసిన ఉత్తరంలో, చాలా తక్కువ డబ్బుకు చాలా పెద్ద పని ఒకటి ఇప్పుడే ముగించానని చెప్పుకుంది. ఆ ఏడాది చివర్లో రైడర్ అనే సంస్థ వాటిని అచ్చువేసింది. కార్డులకు పేరేమి వచ్చింది? రైడర్, వెయిట్. అచ్చువేసిన సంస్థ పేరు, గీయించినాయన పేరు. గీసిన చేతి పేరు లేదు. ప్రపంచమంతా అమ్ముడుపోయిన ఆ బొమ్మల మీద ఆమెకు వాటా రాలేదు. 1951లో ఇంగ్లండు తీరాన ఉన్న కార్న్‌వాల్‌లోని బ్యూడ్‌లో చనిపోయింది. అప్పులు తీర్చడానికి ఆమె వస్తువులు వేలం వేశారు. సమాధి ఎక్కడుందో కూడా కచ్చితంగా తెలియదు.

ఇక అసలు సంగతి. ఫ్రాన్సులో వాడిన పాత మార్సెయి టారో కార్డుల్లో తొమ్మిది నాణేలంటే తొమ్మిది నాణేలే, మనిషి ఉండడు. పెద్ద కార్డులు అనే 22 ముఖ్యమైన కార్డుల విషయంలో వెయిట్ ఏమేం ఉండాలో చెప్పాడనీ, నాణేలు, కత్తుల్లాంటి మిగతా 56 చిన్న కార్డుల్లో చాలావరకు ఆమె ఊహకే వదిలేశాడనీ పరిశోధకులు చాలామంది అంటారు. అలాగైతే ఆ తోటలో స్త్రీని ఒంటరిగా నిలబెట్టింది పమేలాయే. వెయిట్ 1910లో వచ్చిన తన పుస్తకంలో ఈ కార్డు గురించి రాస్తూ తోట విశాలమైనదనీ, అన్నీ సమృద్ధిగా ఉన్నాయనీ చెప్పి, ఆ ఆస్తి "బహుశా" ఆమె సొంతదే కావచ్చన్నాడు.

ఆ "బహుశా" దగ్గర నేను ఆగిపోయాను. పెళ్లయిన స్త్రీ తన పేరున ఆస్తి ఉంచుకోవచ్చని ఇంగ్లండులో 1882లోనే చట్టం వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత కూడా తోటలో నిలబడిన స్త్రీని చూసి ఆయనకు అనుమానమే. అదే మగవాడిని గీసి ఉంటే బహుశా అనేవాడా?

సంపెంగతీగ
పాతపుస్తకాలు గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. "భర్త పేరు? పోనీ తండ్రి పేరు?" ఇదేకదా ఆ బహుశా!

మంచుదారి
నేను ఇంగ్లండులోని ప్లిమత్‌లో ఉంటాను. మొన్న వేసవిలో పిల్లలతో బ్యూడ్ వెళ్లాం, సముద్రం కోసం. అప్పటికి నాకు ఈ సంగతి తెలియదు. తెలిసుంటే కనీసం ఒక పూలగుత్తి ఒడ్డున పెట్టి వచ్చేదాన్ని.

పాతపుస్తకాలు గారు రాయని మాట ఒకటి. ప్రతి కార్డు మీదా ఆమె గుర్తు ఉంటుంది. పి, సి, ఎస్ అనే మూడు అక్షరాలు తీగలా ఒకదానిలో ఒకటి మెలిపెట్టినట్టు, కింద ఒక మూలన. చాలా చిన్నది. డబ్బా మీద పేరు వెయ్యలేదు, ఆమె మాత్రం 78 సార్లు సంతకం పెట్టుకుంది.

సంపెంగతీగ
ఇప్పుడే కళ్లజోడు పెట్టుకుని వెతికాను. ఉంది! ఇన్నేళ్లు అది గడ్డిపరక అనుకున్నాను.

పొలంగట్టు
అందరూ బాగా రాస్తున్నారు, కాని నాదొక ప్రశ్న. ఆ గౌను వేసుకుని, చేతి మీద పక్షిని పెట్టుకుని ఎవరూ తోటపని చెయ్యలేరు. ఆ ద్రాక్ష ఎవరు పెంచారు? ఎవరు కోశారు? వాళ్లు కూడా ఆడవాళ్లే అయి ఉంటారు, బొమ్మలో లేరు. ఇది సంపన్నురాలి స్వాతంత్ర్యం. నాట్లు వేసే మా అమ్మకు ఈ కార్డులో చోటెక్కడ?

తూర్పుగాలి
నేను పక్షి గురించి అడిగాను, మీరు కూలీల గురించి అడిగారు. రెండూ ఒకే ప్రశ్న.

ద్రాక్షపందిరి
పొలంగట్టు గారూ, నా పేరు చూశారుగా, ఇక నేను రాయక తప్పదు.

హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు ద్రాక్షతోటలు ఉండేవి, అనాబ్-ఎ-షాహి రకం, ఈనాటి పిల్లలకు చెబితే నమ్మరు. మాకు ఎకరంన్నర తోట. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కొమ్మలు కత్తిరించాలి. ఎక్కడ కోస్తే గుత్తి వస్తుందో, ఎక్కడ కోస్తే ఉత్త ఆకు వస్తుందో చూపుతో తెలియాలి. మా తోటలో ఆ చూపు అమ్మది. పందిరి కింద రోజంతా తల పైకెత్తి పనిచేసి, సాయంత్రానికి మెడ కిందికి వంచలేకపోయేది. రాత్రి మా నాయనమ్మ ఇటుకముక్క కాల్చి గుడ్డలో చుట్టి మెడకు కాపడం పెట్టేది. ఇరవై రెండేళ్లు ఇదే. పట్టాదారు పాసుపుస్తకంలో మాత్రం నాన్న ఫొటో, నాన్న పేరు. మండీలో లెక్క కూడా నాన్నకే ఇచ్చేవారు.

మా మేనత్తల సంగతి ఇంకొకటి. ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్లకూ పుట్టుకతోనే హక్కు అని మన ఆంధ్రప్రదేశ్‌లో దేశం కంటే ముందే చట్టం తెచ్చారు, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది లేదు. పెద్దత్త పెళ్లి 1983, చిన్నత్త పెళ్లి 1988. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లు, ఒకే కంచంలో తిన్నవాళ్లు, ఒకరికి హక్కు, ఒకరికి లేదు! 1994లో పంపకాలప్పుడు చిన్నత్తను పిలిపించి పసుపు కుంకుమల కింద ఇరవై వేలు, ఒక చీర పెట్టి హక్కు వదులుకున్నట్టు సంతకం తీసుకున్నారు. ఆవిడ చదవకుండానే పెట్టింది. "అన్నదమ్ములతో ఎందుకమ్మా పేచీ, పుట్టిల్లు ఉంటే చాలు" అంది. 2005లో దేశమంతటికీ సవరణ వచ్చి పెళ్లి తేదీ అడ్డు పోయేసరికి మా ఇంట్లో పంచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

అమ్మ పేరు పాసుపుస్తకంలోకి ఎక్కింది నాన్న పోయాకే. అప్పటికి తోట లేదు, నగరం వచ్చి మీద పడింది. కాబట్టి ఆ కార్డులో నాకు కనిపించేది ధనవంతురాలు కాదు. కత్తెర పక్కన పెట్టి, స్నానం చేసి, మంచి బట్ట కట్టుకుని, తను పెంచిన తోటను తనదిగా చూసుకుంటున్న మా అమ్మ. అలాంటి సాయంత్రం ఒక్కటి కూడా ఆవిడకు దొరకలేదు. అందుకే నాకు ఆ బొమ్మ కావాలి.

అన్నట్టు నత్త గురించి ఎవరూ మాట్లాడలేదు. టారో పుస్తకాలు దాన్ని ఓపికకు గుర్తు అంటాయట. మా అమ్మ చూస్తే ముందు దాన్ని తీసి గట్టవతల పారేస్తుంది. లేత ఆకులు తినేస్తుంది.

పొలంగట్టు
మీ అమ్మగారికి నా నమస్కారాలు. నా ప్రశ్నకు జవాబు వచ్చింది.

నా సంగతి కూడా రాస్తాను. మాది నెల్లూరు జిల్లా. దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచిన రోజులు, 1992. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ తర్వాత ఊళ్లలో పొదుపు సంఘాలు మొదలయ్యాయి, రోజుకు రూపాయి. అమ్మ ఆ రూపాయిని బియ్యం డబ్బాలో వేసేది, నెలాఖరుకు తీసి మా మంచం మీద పేర్చి నాతో లెక్కపెట్టించేది. సంఘం పుస్తకం మీద అమ్మ పేరు రాసి ఉంటే నేనే చదివి వినిపించాను. ఆవిడ తన పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి. ఆ పుస్తకాన్ని దేవుడి గూట్లో పెట్టింది. తొమ్మిది నాణేలంటే తొమ్మిది రోజుల పొదుపు అనుకుంటే ఆ కార్డులో మా అమ్మకూ చోటు ఉంది.

లెక్కలమాస్టారు
నేను నమ్మనివాడినే, అయినా పొద్దుటినుంచి ఈ చర్చ వదల్లేకపోతున్నాను.

మధ్యాహ్నపుఎండ
మీరంతా నాణేల దగ్గర ఆగిపోయారు. నా కార్డు కత్తుల రాణి.

నా భర్త 2011లో పోయారు, నాకప్పుడు 36. అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతూ ఈ పేకముక్కలు కొనుక్కొచ్చింది. సరదాగా ఒకటి తియ్యమంటే కత్తుల రాణి వచ్చింది. అర్థం చూస్తే వైధవ్యం, దుఃఖం, ఎడబాటు అని ఉంది. అమ్మాయి ముఖం పాలిపోయింది, కార్డు లాక్కోబోయింది. ఇవ్వలేదు నేను. నిటారుగా కూర్చుని కత్తి నిలువుగా పట్టుకుంది. ఎడమచెయ్యి ముందుకు చాచింది, రండి మాట్లాడండి అన్నట్టు. కిరీటం చూస్తే సీతాకోకచిలుకలు! వితంతువు తలమీద సీతాకోకచిలుకలు పెట్టిన వాళ్లను నేను ఇంతకుముందు చూడలేదు. మాకు పూలే పెట్టనివ్వరు.

మా ఆడపడుచు కొడుకు పెళ్లిలో తలంబ్రాల సమయానికి నన్ను "కాస్త లోపలికి వెళ్లి వంటవాళ్లను చూడు" అన్నారు. వంటవాళ్లకు నాతో పనిలేదని అందరికీ తెలుసు. వెళ్లాను. ఆ రోజు వెళ్లాను. మూడేళ్ల తర్వాత మా అమ్మాయి పెళ్లిలో అదే మాట ఇంకో గొంతుతో వినబడింది. "వెళ్లను, పిల్లను కన్నది నేను" అన్నాను. గొంతు పెంచలేదు. అల్లుడి కాళ్లు నా చేతులతోనే కడిగాను. పురోహితుడు ఒక్క క్షణం ఆగి, మంత్రం అందుకున్నాడు.

స్వాతంత్ర్యం అందరికీ పంటలా చేతికి రాదు. కొందరం కోసుకుని తెచ్చుకోవాలి.

కాగితంపడవ
అమ్మా.

సంపెంగతీగ
ఏడిపించారు మీరు. నా కార్డు పక్కన మీ కార్డు కూడా పెడుతున్నాను ఈ రోజు.

పాతపుస్తకాలు
కత్తుల రాణి గురించి వెయిట్ రాసిన మాట చెబుతాను. ముఖం కఠినంగా ఉన్నా దుఃఖంతో పరిచయం ఉన్న ముఖం అన్నాడు. అర్థాల్లో మొదట రాసింది వైధవ్యమే. సీతాకోకచిలుకలు మాత్రం బొమ్మలో ఉన్నాయి. ఇక్కడ కూడా నాకు రాసిన చెయ్యి వేరు, గీసిన చెయ్యి వేరు అనిపిస్తుంది.

గోదారిగట్టు
కత్తి పట్టిన రాణి అంటే మనకు రుద్రమదేవి ఉండనే ఉంది. ఆమె మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం చూశాను నేను, 1289 నాటిది.

మధ్యాహ్నపుఎండ
రుద్రమను మగవాడిలా పెంచి, మగ పేరు పెట్టి సింహాసనం ఎక్కించారని చెబుతారు బాబూ. ఈ రాణి చీరకట్టు ఆడదానిలాగే కూర్చుంది. నాకు ఈవిడే నచ్చింది.

వేపచెట్టు
ఇంత మాట్లాడారు, మన సోదెమ్మలను మరిచిపోయారు. చిన్నప్పుడు మా వీధిలోకి ఎరుకలావిడ వచ్చేది, చంకన బుట్ట, చేతిలో కర్ర. "సోది చెబుతానమ్మా సోది" అని ఊళ్లకు ఊళ్లు ఒక్కతే తిరిగేది. మా అమ్మమ్మ గడపదాటితే తాతయ్యను అడగాలి, ఆ ఎరుకలావిడ ఎవరినీ అడగక్కర్లేదు. అమ్మమ్మ చేటలో బియ్యం తెచ్చి పోసి, చెయ్యి చూపించేది. భవిష్యత్తు వినడానికని అనుకునేదాన్ని. ఇప్పుడనిపిస్తోంది, తన చెయ్యి పట్టుకుని అరగంటసేపు తన బాధ వినే మనిషి ఆ ఇంట్లో ఇంకొకరు లేరు. ఆ 5,100 అడిగిన ఆవిడలో ఆ వినే గుణం లేకపోవడమే అసలు లోటు.

తూర్పుగాలి
వేపచెట్టు గారు చెప్పింది నిజం. సంపెంగతీగ గారూ, మీ వదినగారు ఏమన్నారు చివరికి?

సంపెంగతీగ
నేనే ఫోను చేశాను మధ్యాహ్నం. ద్రాక్షపందిరి గారి మేనత్తల కథ చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా నాన్న పొలం పంచినప్పుడు నేను కూడా సంతకం పెట్టాను, అది ఏమి కాగితమో నాకిప్పటికీ తెలియదు" అంది. ఇరవై ఏళ్ల నుంచి తెలిసిన మనిషి, ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. ఆమె జాలి నామీద కాదేమోననిపించింది. ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను, ఆ కాగితం నకలు ఎలా తీయించాలో కనుక్కుంటాం.

పొలంగట్టు
రిజిస్టరు అయిన పత్రమైతే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలు ఇస్తారు. ఊరు, సర్వే నంబరు, సుమారు ఏ సంవత్సరమో తెలిస్తే వెతకడం తేలిక. దస్తావేజు నంబరు ఉంటే ఇంకా మంచిది.

సంపెంగతీగ
రాసుకున్నాను, ధన్యవాదాలు. ద్రాక్షపందిరి గారూ, ఒక్క మాట అడగాలి. మా బాల్కనీ తూర్పు ముఖం, పొద్దున్న పదకొండు దాకా ఎండ ఉంటుంది. కుండీలో ద్రాక్ష బతుకుతుందా?

ద్రాక్షపందిరి
బతుకుతుంది, కాని పెద్ద కుండీ కావాలి, అడుగున నీళ్లు నిలవకూడదు. కాయాలంటే ఇంకాస్త ఎండ కావాలి, ఆకు మాత్రం పచ్చగా వస్తుంది. మా పెరట్లో ఆ తోట తాలూకు తీగ ఒక్కటే మిగిలింది, అమ్మ దాన్ని ఇంకా తనే కత్తిరిస్తుంది. అక్టోబరులో కోసినప్పుడు ముదురు కొమ్మలు నాలుగు తీసిపెట్టమంటాను. నాలుగు కణుపులు ఉండాలి, రెండు మట్టిలోకి, రెండు పైకి.

సంపెంగతీగ
మీ అమ్మగారి పేరు చెప్పండి, కుండీ మీద రాస్తాను.

ద్రాక్షపందిరి
అడిగాను. "నా పేరెందుకు, మీ నాన్న పేరు రాయమను" అంది. కుదరదని చెప్పాను. కొమ్మలు ఇచ్చేటప్పుడు తనే వచ్చి చెబుతుందట.